రాజకుమారుడు పేనిన మూర

గరుడశిఖరం దిగి వస్తున్న రెండు గుర్రాల గిట్టల కింద రాళ్లు నిప్పులు కక్కుతున్నాయి. ముందు గుర్రం మీద కుందనగిరి యువరాజు జయంధరుడు. ఒంటి మీద మూలికలు అమ్ముకునేవాడి ముతక అంగీ, తలకి మాసిన పాగా, భుజాన వేళ్లూ బెరళ్లూ నింపిన సంచి. ఆ సంచి అడుగున తడి నాచులో చుట్టి దాచింది నీలకేసరి పుష్పం. వెనక గుర్రం మీద నడుముకి గద కట్టుకుని అతని అంగరక్షకుడు గజమల్లు వస్తున్నాడు. పేరుకి తగిన మనిషే. కాస్త ఆగిన చోటల్లా ఆ గుర్రం మెడ తిప్పి అతని వంక నిష్ఠూరంగా చూస్తోంది.

"ప్రభూ! పువ్వు ఎలా ఉంది?" అని వెనక నుంచి కేక వేశాడు గజమల్లు.

జయంధరుడు ఒక చేత్తో కళ్లెం పట్టుకుని, రెండో చేత్తో సంచి మూతి విప్పి చూశాడు. కోసినప్పుడు నెమలి మెడలా నిగనిగలాడిన పువ్వు అంచుల వెంట తెల్లబడుతోంది. నీలం మిగిలి ఉన్నంతవరకే అది మందు. పొద్దు గుంకితే వట్టి తెల్లపువ్వు.

"తొందరగా పద మల్లూ! చెల్లెలికి ఈ సాయంత్రమే గడువు."

జయంధరుడి చెల్లెలు హేమలేఖ తమ రత్నకూటం కోటలో మంచం మీద ఉంది. నిండు సభలో మాంత్రికుడు ధూమ్రజటుడు పొగలు కక్కే తన జడలు విదిలిస్తుంటే ఆ అమ్మాయికి నవ్వాగలేదు. అంతే. "నవ్విన నువ్వు రాయివైపో!" అని శపించాడు. ముందు పాదాలు రాయయ్యాయి, తర్వాత మోకాళ్లు, తర్వాత నడుము. ఈ పొద్దు గుంకేసరికి తల దాకా రాయైపోతుందని రాజవైద్యుడు చెప్పాడు. నీలకేసరి చేతిలో పెడితే తప్ప ఆ రాయి కరగదు. మాంత్రికుడి గద్దలు ఆకాశంలో తిరుగుతూ రాజవేషం కోసం వెతుకుతున్నాయి కాబట్టే యువరాజుకి ఈ ముతక అంగీ.

కొండ మలుపు తిరిగేసరికి పాతాళగండి కనిపించింది. రెండు కొండలను ఎవరో దేవతలు చెరోవైపు పట్టి లాగి చీల్చినట్టుంది ఆ లోయ. అంచుల మీద ఎర్ర గన్నేరు విరగబూసింది. లోతుల్లోంచి లేచే మంచు ఎండ తగిలి ఇంద్రధనుస్సు రంగులు పోతోంది. ఆ మంచు కింద ఎక్కడో నది పారుతున్న చప్పుడు వినిపిస్తోంది గాని నీరు కనబడదు. అవతలి గట్టు మీద రత్నకూటం బురుజులు పసుపు ముద్దల్లా మెరుస్తున్నాయి. ఈ గట్టునీ ఆ గట్టునీ కలిపేది ఒక్కటే, నారవంతెన.

ఆ వంతెనను చూడగానే జయంధరుడు కళ్లెం లాగి పట్టాడు.

ఒకప్పుడు ఏనుగు తొండమంత లావున్న తాళ్లు ఇప్పుడు ముసలమ్మ జడల్లా సన్నబడి వేలాడుతున్నాయి. పొద్దున్నే పెద్దతాడు ఒకటి ఫెళ్లున తెగి లోయలో పడిందట. గాలి వీస్తే చాలు, వంతెన పక్కకి ఒరిగి మూలుగుతోంది. దాని ముందు జనం గుంపులుగా నిలబడి ఉన్నారు. అవతలి గట్టున ఆ రోజు సంత. చల్ల కుండలు, పట్టు మూటలు, కోళ్ల గంపలు, మేళతాళాలతో ఒక పెళ్లివారి బృందం, అంతా ఇవతలే ఆగిపోయి ఉన్నారు. అందరి నోటా ఒకటే మాట.

"రాజుగారేం చేస్తున్నట్టు?"

"వంతెన బాగు చేయించడం చేతకాదు గాని కిరీటం పెట్టుకోవడం మాత్రం వచ్చు!"

గజమల్లు పళ్లు నూరాడు. జయంధరుడు అతని చెయ్యి నొక్కి, గుర్రం దిగి సుంకం మంటపం వైపు నడిచాడు.

మంటపంలో కిత్తనార గుట్టగా పోసి ఉంది. దాని పక్కన వీపు మంటపం స్తంభానికి ఆనించి సుంకం నాంచారమ్మ కూర్చుంది. భారీ మనిషి, నుదుట రూపాయంత బొట్టు. ఆమె తల్లీ, తల్లి తల్లీ ఈ వంతెన సుంకమే చూశారు. ఈ వంతెనకి సుంకమంటే డబ్బు కాదు. దాటే ప్రతి మనిషీ మంటపంలో కూర్చుని కిత్తనారతో మూరెడు తాడు పేనాలి. చివర తన ఇంటి ముడి వేయాలి. తన అసలు పేరు గొంతెత్తి వంతెనకి వినిపించాలి. అప్పుడు నాంచారమ్మ ఆ మూరను తీసుకెళ్లి వంతెన తాడుకి అతికిస్తుంది. ఆ మనిషిని వంతెన మోస్తుంది. ఇదీ ఆ రాజ్యపు చట్టం.

"ఏమ్మా, వంతెన ఇలా అయిందేమిటి?" అని అడిగాడు జయంధరుడు.

"తిండి పెట్టకపోతే ఆవు ఎలా అవుతుందో అలా అయింది నాయనా. ఈ గుట్ట ఎప్పటిదనుకున్నావు? నారకి బూజు పడుతోంది గాని పేనే చెయ్యి లేదు. అందరికీ మినహాయింపే!"

నిజంగానే అక్కడ ప్రతివాడి మెడలోనూ ఎర్ర గుడ్డ తాయెత్తు ఒకటి ఉంది. పట్టు వర్తకుడు పానకాలుశెట్టి అయితే దాన్ని బంగారు గొలుసుకి కట్టించుకుని అంగీ మీదికి కనబడేలా వేసుకున్నాడు.

"అది మినహాయింపు తాయెత్తు. కట్టుకుంటే మూర కట్టక్కర్లేదు" అని నాంచారమ్మ గడ్డంతో చూపించింది. మంటపానికి కొంచెం దూరంలో, రంగుల గొడుగు కింద తెల్ల గడ్డం ముసలాయన ఒకడు పళ్లెం నిండా తాయెత్తులు పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ అతన్ని తాయెత్తుల తాత అంటున్నారు.

"రండి నాయనా, రండి! ఒక్క చిల్లిగవ్వ అక్కర్లేదు. పరువైన వాళ్లు నార పేనుతారా? అది దిక్కులేని వాళ్ల పని. తాయెత్తు కట్టుకోండి, దర్జాగా దాటండి!"

"ఇప్పుడు దాటరాదూ దర్జాగా!" అని నాంచారమ్మ మూతి తిప్పింది.

గజమల్లు యువరాజు చెవి దగ్గర గుసగుసలాడాడు. "ప్రభూ, ఒక్క మాట చెప్పండి. ఒక్కొక్కడి వీపు మీద నాలుగు తగిలిస్తే అరగడియలో వంతెన తయారవుతుంది."

నాంచారమ్మ చెవులు చురుకైనవి. "ఆ పని ఒక దండనాయకుడు చేశాడయ్యా పహిల్వానూ, మా అమ్మ నాటి మాట. కొరడా పట్టుకుని బండెడు మూరలు పేనించాడు. తెల్లారేసరికి ఒక్కటీ మిగలకుండా పీచు పీచై రాలిపోయాయి. భయపడి పేనింది ఈ వంతెన పట్టుకోదు. మనసుంటేనే పట్టు."

జయంధరుడు ఆకాశం వైపు చూశాడు. పొద్దు పడమటి కొండ భుజం మీదికి వచ్చేసింది. అతను నాంచారమ్మ దగ్గరగా వంగి, అరచేతిలో దాచిన రాజముద్రిక ఉంగరం చూపించాడు. "అమ్మా, నేను యువరాజుని. చెల్లెలి ప్రాణం నా సంచిలో ఉంది. నన్నొక్కణ్ణీ దాటించు. మా వంశానికి ఎలాగూ మినహాయింపు ఉంది."

నాంచారమ్మ లేవలేదు, దండం పెట్టలేదు. "ఎవరిచ్చారు బాబూ ఆ మినహాయింపు?"

"మా తాతగారు."

"తనకి తనే ఇచ్చుకున్నారా? బాగుంది." ఆమె వంతెన మొదట్లోకి చెయ్యి చాపింది. అక్కడ నల్లబడిన ఒక పాత మూర, చివర తామరమొగ్గ లాంటి ముడి. "అది ఈ వంతెన వేయించిన మహారాణి పేనింది. మీ ఇంటి ముడి. దాని తర్వాత మీ ఇంటి మూర ఇంకోటి లేదు. మీరు మానేశారు కదా అని మీ మంత్రులు మానేశారు. వాళ్లు మానేశారని వర్తకులు. మెడలో తాయెత్తు లేనివాడు చేతకానివాడైపోయాడు. నన్ను దాటించమంటే నేనేం చేస్తాను తండ్రీ? మోసేది నేను కాదు, అది."

జయంధరుడి చెవులు ఎర్రబడ్డాయి. కాని అతను ఎక్కువసేపు సిగ్గుపడుతూ కూర్చునే రకం కాదు. పాగా తీసి పక్కన పెట్టాడు. మంటపం మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని నార గుట్టలోంచి ఒక గుప్పెడు లాక్కున్నాడు.

"ప్రభూ! పేరు చెప్పాలి! అసలు పేరు!" అని గజమల్లు కంగారుగా గొణిగాడు. "మీ పేరు వింటే గద్దలు..."

"రానీ" అన్నాడు యువరాజు.

నారను రెండు పాయలు చేసి తొడ మీద పెట్టి అరచేత్తో దొర్లించాడు. రెండు పాయలకీ కుడివైపు పురి ఎక్కించాడు. ఆ రెంటినీ కలిపి మళ్లీ కుడివైపే తిప్పాడు. చూడటానికి తాడులానే ఉంది. గర్వంగా ఎత్తి చూపించబోయాడు. చెయ్యి వదలగానే అది కప్పలా ఎగిరి, గిరగిరా తిరిగి, విడిపోయి, నార నారగా అతని ముక్కు మీద పడింది.

గుంపంతా గొల్లుమంది.

"మూలికలాయనా, అది తాడా, మీ ఆవిడ జుట్టా?"

"వంతెనకి కాదు, పిచ్చుక గూటికి పనికొస్తుంది!"

జయంధరుడు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఇంకో గుప్పెడు తీశాడు. ఈసారి ఇంకా అధ్వానంగా వచ్చింది. ఒక పాయ తాడంత లావు, ఒక పాయ దారమంత సన్నం. చల్ల అమ్మే సింగమ్మ ముందు వరసలో నిలబడి అతని చేతుల వంకే చూస్తోంది. ఆవిడ పెదవి కొరుక్కుంది. చల్ల కుండ ఈ చంక నుంచి ఆ చంకకి మార్చింది. ఒకరి చేతిలో పని చెడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం కంటే కష్టం లోకంలో ఇంకోటి లేదు. మూడోసారి కూడా యువరాజు కుడివైపే తిప్పడం చూసి ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"అయ్యో అయ్యో, నా తండ్రీ! అలా తిప్పితే ఎలా నిలుస్తుందయ్యా? ఇటివ్వు!" కుండ కింద పెట్టి వచ్చి ఎదురుగా చతికిలబడింది. "పాయకి పురి ఇటు. రెండూ కలిపేటప్పుడు అటు. ఒకదాన్నొకటి కరుచుకోవాలి. చూశావా? ఇటు... అటు... నీ చేతులు ఎప్పుడూ పని ఎరిగినట్టు లేవే!"

"లేదత్తా" అన్నాడు జయంధరుడు వినయంగా. ఆవిడ చేతులు చూస్తూ తనూ తిప్పాడు. ఇటు, అటు. ఈసారి తాడు నిలిచింది.

సింగమ్మ చేతిలోనూ చక్కటి మూర తయారైంది. నాంచారమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "పేరు చెప్పు సింగమ్మా" అంది.

"నాకెందుకు? నాకు తాయెత్తుందిగా!"

"ఉంటే ఉంది. చేతిలో మూర కూడా ఉందిగా!"

సింగమ్మ తన చేతిలోకి చూసుకుంది. ఫక్కున నవ్వేసింది. "ఉందే తల్లీ! ఊరికే పారేస్తానా!" అని చివర తన ఇంటి ముడి వేసి, లోయ దద్దరిల్లేలా "చల్ల సింగమ్మా!" అని అరిచింది. నాంచారమ్మ ఆ మూర తీసుకెళ్లి వంతెనకి ఆనించిందో లేదో, అది పాలల్లో పాలలా కలిసిపోయింది. వీణ తీగ మీటినట్టు వంతెన జుమ్మంది.

గుంపంతా వంతెన వైపు తిరిగింది.

జయంధరుడు లేచి నిలబడ్డాడు. తను పేనిన మూర ఎత్తి పట్టుకున్నాడు. అది వంకరగానే ఉంది. చివర తామరమొగ్గ ముడి మాత్రం కుదిరింది. గొంతెత్తి, "కుందనగిరి యువరాజు జయంధరుడు!" అన్నాడు.

పైన గద్దలు కీచుమన్నాయి. రంగుల గొడుగు కింద తాయెత్తుల తాత చెయ్యి పళ్లెం మీదే బిగుసుకుపోయింది. పెళ్లివారి డోలు వాడు చేతిలోని పుల్ల జారవిడిచాడు. సింగమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి నాయనో, చేతులు పని ఎరగవంటిని!"

"నిజమే అన్నావత్తా" అన్నాడు యువరాజు. "మా ఇంట్లో అందరి చేతులూ అంతే. మూర కట్టడం ముందు మానేసింది మేమే. ఈ పొద్దు నుంచి మాకు మినహాయింపు లేదు. మీరు కట్టినా కట్టకపోయినా నేను కట్టిందాని మీదే నేను దాటతాను." నాంచారమ్మ అతని మూర తీసుకెళ్లి పాత తామరమొగ్గ పక్కన అతికించింది.

తాత పకపకా నవ్వాడు. "విన్నారా! రాజులు తెలివైనవాళ్లు నాయనా, తియ్యగా మాట్లాడి మీ చేత ఊడిగం చేయించుకుంటారు. నేనైతే ఊరికే ఇచ్చాను. నా తాయెత్తు ఖరీదు అడిగానా?"

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నాను" అన్నాడు జయంధరుడు. "ఎందుకు ఊరికే ఇచ్చావు తాతా? ఎప్పుడైనా ఎవరైనా దాన్ని విప్పి చూశారా?"

ఎవరూ చూడలేదు. పానకాలుశెట్టి తన మెడలోని తాయెత్తు వంక అనుమానంగా చూసుకున్నాడు. గోటితో కుట్టు విప్పాడు. ఎర్రగుడ్డలోంచి బెత్తెడు తాడుముక్క ఒకటి జారి అరచేతిలో పడింది. దాని చివర చేపతోక లాంటి ముడి. శెట్టి ముఖం పాలిపోయింది.

"ఇది... ఇది మా నాన్న ముడి! మా ఇంట్లో తప్ప ఎవరూ వేయరిది. మా నాన్న వంతెనకి కట్టిన మూర ఇది!"

గబగబా అందరూ తాయెత్తులు చింపారు. ఒకరి దాంట్లో మేనత్త ముడి, ఒకరి దాంట్లో తాత ముడి, ఒకరి దాంట్లో చిన్నప్పుడు తనే వేసిన వంకర ముడి. వంతెన నుంచి ఒక్కొక్క మూరే కోసి, ఆ ముక్కలతోనే తాయెత్తులు చేసి, వాటిని కట్టుకున్నవాళ్లతోనే కొత్త మూర మాన్పించాడు ఆ తాత!

"దొంగ ముండాకొడుకా!" అంది సింగమ్మ.

"శెట్టిగారూ, మీ నాన్నగారి మూర లావుగా ఉండేది. మీరు అంత పేనగలరా?" అని నాంచారమ్మ తాపీగా అడిగింది.

"పేనగలనా అంటావేమిటి నాంచారమ్మా? అంతకంటే లావుది పేనుతా!" శెట్టి పట్టు అంగీ చేతులు పైకి లాగి నార మీద పడ్డాడు. పెళ్లికొడుకు బాసికం తీసి పక్కన పెట్టాడు. పెళ్లికూతురు "మీకంటే ముందు నేను" అంది. మంటపం చాలక జనం బాట మీదే కూర్చుని పేనారు. పేరు మీద పేరు లోయలో మారుమోగింది. నారవంతెన కొత్త ఎండుగడ్డి రంగుతో నిగ్గుదేరి, లావెక్కి, బిగిసి నిలబడింది.

"పట్టు వదలొద్దు ప్రభూ, ఇక దాటండి!" అని నాంచారమ్మ కేక.

ఆ కేక పూర్తయ్యేలోపు రంగుల గొడుగు భగ్గున మండింది. తెల్ల గడ్డం ఊడి పడింది. దాని కింద పొగలు కక్కే జడలు! "ధూమ్రజటుడు!" అని జనం చెల్లాచెదురయ్యారు. మాంత్రికుడు గిర్రున ఒక్క చుట్టు తిరిగి, దున్నపోతంత పందికొక్కుగా మారి, వంతెన మీదికి దూకాడు.

జయంధరుడు అంగీ కింద దాచిన కత్తి దూసి దాని వెనకే పరుగెత్తాడు. పందికొక్కు తాళ్లలో గోళ్లు దిగేసుకుంటూ నడిమధ్యకి పాకి ఆగి, పెద్దతాడుని పళ్ల మధ్య పెట్టుకుని కసుక్కున కొరికింది. కాని పాత నారలా అది పీచు కాలేదు. పానకాలుశెట్టి మూర తగిలింది కాబోలు, ముందు పన్ను ఒకటి విరిగి లోయలో పడింది. అది బాధతో తోక ఝాడించింది. ఆ దెబ్బకి యువరాజు తాడు మీద బోర్లా పడ్డాడు. సంచి అంచు దాటి వేలాడింది. పువ్వు జారబోతుంటే పళ్లతో సంచి మూతి పట్టుకున్నాడు.

"ప్రభూ! వస్తున్నా!" గజమల్లు ఒడ్డు నుంచి దూకాడు.

నాంచారమ్మ తల పట్టుకుంది. "ఓయ్ పహిల్వానూ! నీ మూరేదీ?"

అప్పటికే ఆలస్యమైంది. గజమల్లు అడుగు పెట్టినచోటల్లా తాళ్లు పక్కకి తొలగిపోయాయి. అతను నడుము దాకా దిగబడి, చంకల దగ్గర ఇరుక్కుని, కాళ్లు గాలిలో ఆడిస్తూ లోయ మీద వేలాడాడు. "నేను రాజుగారి మనిషినే తల్లీ!" అని వంతెనకి మొరపెట్టుకున్నాడు. వంతెన వినలేదు. ఇంకొంచెం వదులైంది.

"రాజుగారే కట్టారు, నువ్వెంత!" అని సింగమ్మ ఒక నారచుట్ట అతని మీదికి విసిరింది. గజమల్లు దాని ఒక కొస పళ్లతో కరిచి పట్టుకుని, రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పాడు. "ఇటా... అటా?" "పాయ ఇటు! కలపడం అటు!" అని ఒడ్డున ఊరంతా అరిచింది. జీవితంలో ఏ కుస్తీలోనూ పట్టనంత చెమట పట్టింది అతనికి. చివరికి ముడి వేసి, "వస్తాదు గజమల్లు!" అని ఏడుపు గొంతుతో అరిచాడు. నాంచారమ్మ పాకుతూ వచ్చి మూర అతికించింది. వంతెన ఒక్క ఊపు ఊపి అతన్ని పైకి ఎగరేసింది. ఆ ఎగరడం ఎగరడం వెళ్లి పందికొక్కు వీపు మీద పడ్డాడు!

ఆ బరువుకి పందికొక్కు కెవ్వుమంది. జయంధరుడు లేచి కత్తి పిడితో దాని మూతి మీద కొట్టాడు. అది గజమల్లు కింద నుంచి జారి, లోయలోకి దొర్లి, మంచులో పడుతూ పడుతూ గబ్బిలంగా మారి రత్నకూటం వైపు ఎగిరిపోయింది.

"అది చెల్లెలి దగ్గరికే! మల్లూ, రా!" యువరాజు అవతలి గట్టుకి ఒక్క పరుగు తీశాడు. పువ్వులో నీలం ఇప్పుడు గోరంత మిగిలింది.

కోట గుమ్మం ముందు ముసలి ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టాడు. "ఆయుధం అప్పగించి లోపలికి వెళ్లాలి బాబూ. ఇక్కడి చట్టం."

లోపల ఉన్నది ధూమ్రజటుడు. చేతిలో ఉన్నది ఒక్క కత్తి. జయంధరుడు దాన్ని ఒకసారి చూశాడు. మారు మాట్లాడకుండా ఒరతో సహా విప్పి ముసలాయన చేతిలో పెట్టాడు.

ద్వారపాలకుడు ముఖం పోల్చుకుని తెల్లబోయాడు. "యువరాజా! ఇన్నేళ్లలో ఎవరొచ్చినా 'నేనెవరో తెలుసా' అనేవారు ప్రభూ. ఆ వాదన తేలేసరికి పొద్దు పోయేది. వాదన లేకపోతే గడియ తీయడం ఎంతసేపు!" తలుపు బార్లా తెరిచాడు.

అంతఃపురంలో సాయంకాలపు ఎండ కిటికీ గడప మీద సన్నటి గీతలా మిగిలింది. మంచం మీద హేమలేఖ మెడ దాకా బూడిదరంగు రాయి. మంచం పక్కన ధూమ్రజటుడు, విరిగిన పన్ను చూపిస్తూ.

"కత్తి గుమ్మంలో ఇచ్చి వచ్చావా? ఒక ముసలి కాపలావాడి మాట విని! అబ్బ, ఎంత మంచి పిల్లాడు!" అని వెక్కిరించి, అతను అంగీలోంచి ఎముకదండం తీసి ఎత్తాడు.

ఆ కోట కూడా వంతెన కట్టించిన మహారాణి కట్టించిందే. గుమ్మంలో అప్పగించని ఆయుధాన్ని ఆ గోడలు క్షమించవు. మాంత్రికుడి చేతిలోని ఎముకదండం ఒక్కసారిగా రుబ్బురోలంత బరువెక్కింది. చెయ్యి వంగింది, నడుము వంగింది, చివరికి దండం జారి అతని కాలి బొటనవేలి మీదే పడింది. ధూమ్రజటుడు ఒంటికాలి మీద గది చుట్టూ గెంతుతుంటే జయంధరుడు మంచం దగ్గరికి దూకి, నీలకేసరిని చెల్లెలి రాతి పిడికిలిలోకి దోపాడు.

కిటికీ మీది ఎండగీత ఆరిపోయింది. పువ్వు తెల్లబడింది.

ఒక్క ఊపిరి పట్టేంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ పిడికిలి మెల్లగా విచ్చుకుంది. ఎండిన మట్టి మీద వాన పడ్డట్టు రాయి వేళ్ల నుంచి మోచేతికి, మోచేతి నుంచి గుండెకి, గుండె నుంచి నడుముకి కరుగుతూ పోయింది. హేమలేఖ కళ్లు తెరిచింది. ఎదురుగా ఒంటికాలి మీద గెంతుతున్న మాంత్రికుణ్ణి చూసింది. మళ్లీ నవ్వొచ్చింది.

"మళ్లీ నవ్వుతావా!" ధూమ్రజటుడు ఆమె జడ ఒడిసి పట్టుకుని, గోడకున్న నిలువుటద్దంలోకి దూకాడు. అద్దం నీళ్లలా విచ్చుకుని ఇద్దర్నీ మింగింది. జయంధరుడు ఆమె పైటచెంగు అందుకుని తనూ దాంట్లో పడ్డాడు.

గుమ్మంలో గద అప్పగించి, రొప్పుతూ వచ్చిన గజమల్లుకి అద్దంలో మాయమవుతున్న యువరాజు చెప్పుల జత మాత్రం కనిపించింది. ఆలోచించకుండా తల దూర్చి దూకాడు. తల వెళ్లింది, భుజాలు ఇరుక్కున్నాయి.

"తొయ్యవయ్యా!" అని ఇటువైపు కాళ్లు ఆడించాడు. వెనకే వచ్చిన ద్వారపాలకుడు ఈటె పక్కన పెట్టి, రెండు చేతులూ ఆనించి తోశాడు.

అద్దం అటువైపు ఆకుపచ్చ చంద్రుడి కింద కనుచూపు మేర నల్లటి ఇసుక. దూరంగా గాలిలో తలకిందులుగా వేలాడుతున్న కోట ఒకటి, దాని కిటికీల్లో ఎర్రటి దీపాలు. ఆ కోట వైపు ధూమ్రజటుడు కుంటుతూ, పొగజడలు ఎగిరిపడుతుంటే ప్రాణాలరచేత పట్టుకుని పారిపోతున్నాడు. అతని చేతిలో ఇప్పుడు దండమూ లేదు, హేమలేఖ విదిలించి లాక్కున్న జడా లేదు.

"చెల్లీ, ఆగు! అటెళ్లొద్దు!" అని జయంధరుడు వెనక నుంచి అరుస్తున్నాడు. అందుకోలేకపోతున్నాడు.

"నా కాళ్లు రాయి చేస్తాడా! వీడికి ఆ కాళ్లేమిటో చూపించాలన్నయ్యా, నువ్వే తొందరగా రా!"

కుచ్చిళ్లు ఎగదోపుకుని, వదులైన జడ వీపు మీద కొట్టుకుంటుంటే, నల్లటి ఇసుకను రెండువైపులా చిమ్ముకుంటూ హేమలేఖ పరుగెత్తుతోంది.